సబ్బు కాగితం మీద మనిషి

ఆ ఎండాకాలం ఊరంతా మా చెల్లెలి బొమ్మను చింపి స్నానం చేసింది.

సబ్బు కాగితం మీద బొమ్మ అది. పసుపు రంగు కాగితం, ఒక మూల కంపెనీ పేరు, నడుమ కుట్టుమిషను ముందు మా చెల్లెలు, చంక కింద కర్ర, మోకాలి కింద ఖాళీ. బొమ్మ కింద ‘ఒక సబ్బు, ఒక అడుగు’ అని లావు అక్షరాలు. వాటి కింద చీమ తలకాయంత అక్షరాలతో ఇంకో వరస ఉండేది. నేను వడ్రంగిని. సన్నగీతలు చూడటం నా పని కాబట్టి అదీ చదివాను. ‘లాభంలో కొంత భాగం కాళ్ళు లేనివారి సేవకు’ అని ఉంది.

“కొంత అంటే ఎంత సారూ?” అని అడిగాను, ఆ కాగితం తెచ్చిన మనిషిని.

“కొంత అంటే కొంత, బ్రదర్” అన్నాడాయన, పళ్ళన్నీ కనబడేట్టు.

మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆవిడ, మా చెల్లెలు. ముందుగది నా పనిచోటు, పక్కగదిలో చెల్లెలి మిషను. నా రంపప్పొట్టు, ఆమె గుడ్డముక్కలు గడప దగ్గర కలిసేవి. మా ఆవిడ పొద్దున్నే తిట్టుకుంటూ ఊడ్చేది. చెల్లెలికి కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. ట్రాక్టరు చక్రం. అంతకు మించి చెప్పటానికి ఏమీ లేదు. గాయం మానిన నెలకే నేను చెక్కతో కాలు చేసి ఇచ్చాను. అరిగినప్పుడల్లా మళ్ళీ చేశాను. ఆ వేసవికి ఆమె వేసుకు తిరుగుతున్నది నాలుగోది. పక్కగదిలో టక్కుటక్కుమని ఆ కాలి చప్పుడు వినబడేది. ఆ చప్పుడును బట్టే ఆమె కోపంగా ఉందో, తొందరలో ఉందో నాకు తెలిసిపోయేది. అన్నీ తెలుసుననే అనుకున్నాను.

ఎండలు ముదరక ముందు పట్నం నుంచి కుట్టు కార్ఖానా పెద్దావిడ వచ్చింది. మా చెల్లెలు కత్తిరించిన చొక్కా ఎవరి ఒంటి మీదో చూసి, ఆ చేతిని వెతుక్కుంటూ వచ్చిందట. బల్ల మీద ఉన్న ఇంకో చొక్కా తీసి, తిరగేసి, చంక దగ్గర కుట్టు చూసింది. పొగడలేదు. అది నాకు నచ్చింది.

“నా దగ్గర కటింగ్ బల్ల దగ్గర మనిషి కావాలి” అంది. “రోజుకు ఎనిమిది గంటలు నిలబడే పని. నిలబడగలవా?”

“నిలబడతాను.”

“మాట కాదమ్మా, నిలబడి చూపించాలి. వానలు మొదలయ్యేదాకా ఆ బల్ల ఎవరికీ ఇవ్వను. ఆ తర్వాత నా చేతిలో లేదు.”

ఆమె వెళ్ళాక చెల్లెలు మిషను ముందు కూర్చుని పాట లాంటిదేదో సన్నగా తీస్తోంది. మా ఆవిడ నన్ను పెరట్లోకి పిలిచి, దండెం మీద ఆరేసిన నాలుగు గుడ్డముక్కలు చూపించింది. చెక్క కాలికి పైన మోకాలి మొండెం దిగే గిన్నెలో, ఒంటికి ఒత్తుకోకుండా పెట్టుకునే గుడ్డలవి. ఎంత ఉతికినా పోని మరకలున్నాయి.

“ఎనిమిది గంటలంట. రెండు గంటలకే పుండు రేగుతుంది ఆ పిల్లకి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఇవి ఉతికేది నేనేనయ్యా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు చేసిన కాలు కదా. నీకెవరు చెబుతారు?”

నేను లోపలికి వచ్చి చిత్రిక పట్టుకున్నాను. ఆ పూట నేను చిత్రిక పట్టిన చెక్క ఏ పనికీ రాలేదు.

తేలిక చెక్కతో చేస్తే చీలుతుంది. గట్టి చెక్కతో చేస్తే బరువు. ప్లాస్టిక్ నీళ్ళ గొట్టంతో చేసి చూశాను, వంగిపోయింది. ఇనప గొట్టం చెక్క కన్నా బరువు. నాకు తెలిసిన దారులు అవే. సరిగ్గా అప్పుడు వచ్చాడు సబ్బు కంపెనీ మనిషి. ఊళ్ళో సబ్బులమ్మే కొట్టాయన వెంటబెట్టుకొచ్చాడు. కంపెనీ మనిషి తన పేరేదో చెప్పాడు గానీ, కాఫీ గ్లాసు చేతికిచ్చి లోపలికి వచ్చిన మా ఆవిడ “పళ్ళసారు” అంది. అదే నిలిచింది.

పళ్ళసారు చెప్పింది ఇది. జనం ఎలాగూ సబ్బు కొంటారు. ఆ కొనే సబ్బేదో తమ సబ్బు కొంటే, అందులోంచి కొంత ఒక సేవాసంస్థకు పోతుంది. సంస్థవాళ్ళు కాలు చేయిస్తారు. గాలిలాంటి లోహపు కాలు, చెక్క కాలి బరువులో పావు వంతు కూడా ఉండదు. వేసవి చివర పట్నంలో సభ పెట్టి అందరి ముందూ ఇస్తారు.

“ఎవరి జేబుకూ చిల్లు పడదు బ్రదర్. ఎవరూ శ్రమ పడక్కర్లేదు. స్నానం చేస్తే చాలు.”

“బాగుంది సారూ. మురికి పోతుంది, పుణ్యం వస్తుంది” అంది మా ఆవిడ తలుపు చాటు నుంచి.

ఆయన దాన్ని మెచ్చుకోలు అనుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు కూడా.

తర్వాత కెమెరా మనిషిని పిలిచాడు. మా చెల్లెలు నిలబడి ఉంది.

“సిస్టర్, ఆ చెక్కది ఒకసారి తీసేస్తారా?”

“ఎందుకు?”

“ఫొటోకి.”

“అది తీస్తే నేను నిలబడలేను.”

“అదే కావాలి సిస్టర్.”

చెల్లెలు నా వైపు చూసింది. నేను దండెం మీద గుడ్డల్ని తలుచుకుంటున్నాను. తల ఊపాను. ఆ తల ఊపినందుకు ఇప్పటికీ నా మీద నాకు మంచి అభిప్రాయం లేదు.

ఆమె నాలుగు పట్టీలూ విప్పి కాలు నా చేతికిచ్చింది. పళ్ళసారు కారులోంచి చంక కర్రలు తెప్పించాడు. కొత్తవి, ధర చీటీ ఇంకా వేలాడుతోంది. దాన్ని తనే పంటితో కొరికి తీసేసి, ఒక కర్ర ఆమె చంక కింద పెట్టి, మిషను ముందు కూర్చోబెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె చంక కర్ర పట్టింది లేదు.

“నవ్వొద్దు సిస్టర్. ఏడవనూ వద్దు. మధ్యలో ఉండాలి.”

“మధ్యలో ఏముంటుంది?”

“ఆశ.”

“ఆశ మొహం ఎట్లా ఉంటుందో మీరు పెట్టి చూపించండి సారూ, చూసి పెడుతుంది” అంది మా ఆవిడ.

ఆయన నిజంగానే పెట్టి చూపించాడు. ఆకలేసిన మేకలాగా ఉన్నాడు. చెల్లెలికి నవ్వొచ్చి, అది ఆపుకోవటానికి పెదవి బిగించింది. కెమెరా మనిషి అప్పుడే నొక్కాడు. ఊరూరా జనం చూసి జాలిపడ్డ ఆ ‘ఆశ’ అది.

వెళ్ళబోయే ముందు ఒక కాగితం మీద సంతకం తీసుకున్నాడు. సభ అయ్యేదాకా చెక్క కాలు వేసుకుని ఎవరి కంటా పడకూడదని అందులో ఉంది.

“ఎవడో ఫోనులో ఫొటో తీసి పెడతాడు సిస్టర్, ఈమె నడుస్తోందిగా అని. నడిచే మనిషి కోసం సబ్బెవరు కొంటారు చెప్పండి?”

నేను టేపు తీసి కొలతలు రాశాను. మోకాలి కింద చుట్టుకొలత, నేల దాకా పొడుగు, పాదం నిడివి. పైన ‘కుడికాలు’ అని రాశాను. పక్కన బొమ్మ కూడా వేశాను. ఆయన చూడకుండానే మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

*

మూడు వారాలకి మొదటి పెట్టె సబ్బులు కొట్లోకి దిగాయి. మా ఆవిడ ఒకటి కొనుక్కొచ్చి చెల్లెలి ఒళ్ళో పడేసింది. చెల్లెలు కాగితాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది.

“అన్నా, ఈ మిషను ఎవరిది?”

“నీదే.”

“నా మిషనుకి చక్రం కుడివైపు కదా ఉంది. దీనికి ఎడమవైపుంది. ఇట్లాంటి మిషను మీద కుట్టేవాళ్ళు ఎవరన్నా ఉంటారా?”

మా ఆవిడ తొంగిచూసి, “చక్రమేంటి, కాలే మారిపోయింది చూడు. ఎడమ కాలు లేదు” అంది.

నిజమే. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేశారు. పళ్ళసారు మళ్ళీ వచ్చినప్పుడు అడిగాను.

“డిజైన్ వాళ్ళు తిప్పారు బ్రదర్. సిస్టర్ మొహం కంపెనీ పేరు వైపుకి ఉండాలి. లేదంటే కొనేవాడి చూపు కాగితం దాటి పక్క సబ్బు మీదకి పోతుందట.”

“చూపు పోకూడదని కాలు మార్చారా?”

“ఎవరు చూస్తారు బ్రదర్ అదంతా?”

నేను ఇంకో చీటీ రాశాను. అవే కొలతలు. ‘కుడి’ అన్న మాట కింద రెండు గీతలు గీశాను. వడ్రంగి పెన్సిలు లావుగా గీస్తుంది. గుడ్డివాడికైనా చేతికి తగులుతుంది. దాన్నీ జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబుకి అడుగుందో లేదో నాకు తెలియదు.

*

గుడ్డలు తెచ్చేవాళ్ళు ఏ వేళప్పుడైనా వస్తారు కాబట్టి ఇంట్లో కూడా వేసుకునే వీల్లేక, చెక్క కాలు నా పనిగదిలో మేకుకి వేలాడింది. దాని మీద రంపప్పొట్టు పడేది, నేను రోజూ దులిపేవాణ్ణి.

మిషను తొక్కటానికి ఎడమ కాలు చాలు. గుడ్డ కత్తిరించటానికి మాత్రం మనిషి బల్ల ముందు నిలబడాలి, ఒక చెయ్యి కత్తెరకి, ఒక చెయ్యి గుడ్డకి ఉండాలి. చంక కర్రలతో నిలబడిన మనిషికి చేతులెక్కడివి? నేల మీద పరుచుకుని కత్తిరించేది. ఒక రోజు ఒక చొక్కా ముందుభాగాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటోంది. ఒకటి వేలెడు పొట్టి. నేను చూశానని ఆమె చూసింది. దాన్ని పీలికలు చేసి నా దగ్గర పడేసింది, వార్నీషు తుడుచుకోమని.

ఊరివాళ్ళ సంగతి చెప్పాలంటే నాకు నోరు చేదవుతుంది. పదేళ్ళుగా ఆ పిల్ల వాళ్ళ కళ్ళ ముందే చెక్క కాలి మీద తిరిగింది. నొప్పి పెడుతుందా అని ఒక్కరు అడిగింది లేదు. నేనూ అడగలేదు, నన్నూ కలిపే చెబుతున్నాను. సబ్బు కాగితం మీదకి ఎక్కగానే ఆమె కాలిలో ఎవరికి వారికి వాటా వచ్చేసింది.

“ఈ నెలలో ఆరు సబ్బులయ్యా. ఒక వేలు నేను వేయించినట్టే” అన్నాడు మంగలి, నన్ను వీధిలో ఆపి.

“ఏ వేలు?”

“బొటనవేలే అనుకో. పెద్ద సంసారం మాది.”

“బొటనవేలు ఇస్త్రీ ఆయన తీసుకున్నాడు నిన్న. నువ్వు ఇంకోటి చూసుకో.”

పాలావిడ గౌను కుట్టించుకుని కూలీ సగమే చేతిలో పెట్టింది. “నీకేంలే తల్లీ, నీ కోసం పిల్లలకి పూటకి రెండుసార్లు నీళ్ళు పోస్తున్నా” అంది. ఆ పిల్లల్ని నేను చూశాను. మోచేతుల దగ్గర మట్టి అట్లాగే ఉంది.

ఇంకొందరు అసలు గుడ్డలే తేవటం మానేశారు. సబ్బు సొమ్ము వచ్చి పడుతుంటే ఇంకా కుట్టటం ఎందుకట. కొట్టాయన కొట్టు ముందు మా చెల్లెలి నిలువెత్తు అట్టబొమ్మ పెట్టుకున్నాడు. ఎండకి రంగు వెలిసి మొహం తెల్లబడిపోయింది. కుక్కలు దానికి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చాయి.

మా ఆవిడ మాత్రం ఆ సబ్బే కొనేది. “ఊరంతా కొంటుంటే ఇంట్లోవాళ్ళం కొనకపోతే ఏం బాగుంటుంది?” అనేది. చెల్లెలు ఆ సబ్బు ముట్టలేదు. బట్టల సబ్బుతోనే స్నానం చేసేది.

“చర్మం పాడైపోతుందే పిల్లా.”

“నన్ను నేను చింపుకుని రుద్దుకోవాలా వదినా?”

మా ఆవిడ ఆ రోజు నుంచి కాగితం తీసేసి, వట్టి సబ్బు మాత్రం లోపలికి తెచ్చేది. కాగితాలు ఏం చేసేదో నేను అడగలేదు. తర్వాత బియ్యం డబ్బా కింద దొరికాయి, ఒకదాని మీద ఒకటి, మడత పడకుండా.

ఇంట్లో టక్కుటక్కుమనే చప్పుడు పోయింది. చంక కర్ర చప్పుడులో ఆమె కోపం, తొందర ఏమీ తెలిసేవి కావు. కుడి తొడ సన్నబడింది. ఆమె పొద్దున్నే గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి అంకెలు లెక్కపెట్టుకోవటం నేను కిటికీలోంచి చూశాను. మొదట్లో ఆరొందల దాకా వెళ్ళేది. రెండు నెలలు తిరిగేసరికి రెండొందల దగ్గర ఆగి గోడకి ఆనుకునేది.

కార్ఖానా పెద్దావిడ మనిషి చేత కబురంపింది. మబ్బులు పడుతున్నాయి, గుర్తుందా అని.

*

సభకి బయల్దేరేటప్పుడు నేను చెక్క కాలు మేకు మీద నుంచి తీసి గోనెసంచిలో పెట్టుకున్నాను. మా ఆవిడ చూసింది.

“పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, అదెందుకయ్యా?”

కంటితో చూడని సరుకుని నమ్మి ఉన్న సరుకు వదిలేసే అలవాటు నాకు లేదు, అంతే.

పట్నంలో పెద్ద హాలు. వేదిక మీద మంచమంత సబ్బు చేసి పెట్టారు. ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళు యాభై కాగితాలు కత్తిరించి పంపినవాళ్ళట, అందరికీ ఛాతీ మీద పసుపు బిళ్ళలు. కాగితాలు పంపనివాళ్ళం కాబట్టి నాకూ మా ఆవిడకీ వెనక చోటిచ్చారు. కంపెనీ పెద్దాయన ముప్పావు గంట మాట్లాడాడు. అడుగు అన్న మాట ఎన్నిసార్లన్నాడో గానీ, తను మాత్రం నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు.

మా చెల్లెల్ని చంక కర్రలతో వేదిక ఎక్కించి కుర్చీలో కూర్చోబెట్టారు. గుడ్డ కప్పిన అద్దాల పెట్టె తెచ్చారు. గుడ్డ లాగారు, వెనకవాళ్ళకి కూడా కనబడేట్టు పెద్ద తెర మీద చూపించారు. చప్పట్లు.

మంచి వస్తువే. లోహపు గొట్టం తళతళలాడుతోంది. గొట్టం పైన గిన్నె, కింద మనిషి చర్మం రంగు రబ్బరు పాదం. నేను నాలుగు కాళ్ళు చెక్కినవాణ్ణి, చూపు ముందు వేళ్ళ మీదకే పోతుంది. బొటనవేలు ఉండాల్సిన చోట చిటికెనవేలు ఉంది.

లేచి పక్క నుంచి వేదిక మెట్ల దాకా నడిచాను. అప్పటికి చెల్లెలు ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. గుడ్డ కొలిచే చూపు ఆమెది. పాదం మీద వేలితో ఒక గీత గీసింది, అడ్డంగా.

“ఇది ఎడమది” అంది మెల్లగా.

పళ్ళసారు వంగాడు. “ఫొటోకి పట్టుకోండి సిస్టర్. ముందు ఫొటో కానివ్వండి. తర్వాత మార్పిద్దాం.”

“చీటీలో కుడి అని రాశాం. రెండుసార్లు.”

“రాశారు సిస్టర్, కాదనను. సంస్థవాళ్ళూ అడిగారు, చీటీలో కుడి ఉంది, కాగితం మీద ఎడమ ఉంది, ఏది చెయ్యమంటారని. ఫొటో అబద్ధం చెప్పదు కదా. మీ అన్నగారే పొరపాటు పడి ఉంటారనుకున్నాం. పల్లెటూరాయన, కుడి ఎడమలు...” అంటూ తలెత్తి, మెట్ల మీద నన్ను చూశాడు. “బ్రదర్, మీరా” అన్నాడు.

తిప్పిన చెయ్యి వాళ్ళది. ఆ సంగతి వాళ్ళకే గుర్తు లేదు. వాళ్ళు చేసిన బొమ్మను వాళ్ళే నమ్మారు.

ఫొటోలు తీశారు. చెల్లెలు పట్టుకుంది. నవ్వలేదు, ఏడవలేదు. తర్వాత మెట్ల వైపు తిరిగి, “అన్నా, నా కాలు తెచ్చావా?” అంది.

తెస్తున్నానని నేను ఆమెకి చెప్పలేదు. గోనెసంచి అందించాను. ఆ హాలంతా చూస్తుండగా ఆమె చెక్క కాలు తొడుక్కుని, నాలుగు పట్టీలు ఒకటొకటిగా బిగించింది. మూడు నెలలకి తొడ సన్నబడింది కదా, పట్టీలకి చిల్లులు చాలలేదు. నా జేబులో మేకుంటే ఇచ్చాను. దానితో కొత్త చిల్లులు పొడుచుకుంది. లేచింది. ఒకసారి తూలింది, కుర్చీ వీపు పట్టుకుని సర్దుకుంది. తర్వాత వాళ్ళిచ్చిన ఎడమ కాలు చంకన పెట్టుకుని, టక్కు టక్కుమంటూ వేదిక అంచు దాకా నడిచి, మెట్లు దిగింది.

హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నాకు ముందు అర్థం కాలేదు. వాళ్ళు ఆమె నడుస్తున్నది తాము ఇప్పించిన కాలి మీదే అనుకుంటున్నారు. చెక్క కనబడుతూనే ఉంది, చప్పుడు వినబడుతూనే ఉంది. పసుపు బిళ్ళ పెట్టుకున్న ఒకావిడ కళ్ళు తుడుచుకుని, “చూశావా, ఇవన్నీ మన సబ్బులే” అంది పక్కావిడతో.

పళ్ళసారు హాలు వాకిట్లో మమ్మల్ని అందుకున్నాడు. “అదిలా ఇవ్వండి సిస్టర్, మార్చి పంపిస్తాం. ఎంత, రెండు నెలలు.”

“మార్చినది తెచ్చినరోజు తీసుకెళ్ళండి” అంది చెల్లెలు. కాలు గోనెసంచిలో పెట్టి మూతి ముడేసింది.

*

మర్నాడు పొద్దున దాన్ని నా బల్ల మీద పెట్టి విప్పాను. నాలుగు మరలు, అంతే. గిన్నె వేరు, గొట్టం వేరు, పాదం వేరు. గిన్నెకి కుడి ఎడమలున్నాయి, పాదానికి ఉన్నాయి. గొట్టానికి లేవు. చేతిలో పట్టుకుంటే కత్తెరంత బరువుంది. నా చెక్క కాలి బరువంతా పిక్క దగ్గరే ఉందని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళు నేను ఆమె చేత మోయించింది అది.

చెల్లెల్ని పిలిచి నా ముందు పీట మీద కూర్చోబెట్టాను. పెన్సిలు తీశాను. మొన ఉన్నదాన్నే మళ్ళీ చెక్కాను.

“ఎక్కడ నొప్పి?”

ఆమె నా మొహం చూసింది. తర్వాత వేలు పెట్టి చూపించింది. “ఇక్కడ.”

గుర్తు పెట్టుకున్నాను. “ఇంకా?”

“ఈ ఎముక పక్కన. మెట్లెక్కితే.”

“ఇక్కడ?”

“అక్కడ మొదటి కాలు నుంచీ ఉంది అన్నా.”

ఏడు చోట్ల గుర్తులు పెట్టాను. మా ఆవిడ గడప దగ్గర చీపురు పట్టుకుని నిలబడింది. ఊడవలేదు.

తేలిక చెక్కతో గిన్నె తొలిచి, గుర్తులున్న చోట్ల లోతు చేసి, తోలు అంటించాను. కుడి పాదం చెక్కాను. మధ్యలో వాళ్ళ గొట్టం బిగించాను. ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజుల్లో నేను మాట్లాడినన్ని మాటలు అంతకు ముందు ఆరు నెలల్లో మాట్లాడి ఉండను. అన్నీ ఒకే మాటలు. ఇప్పుడు? ఇప్పుడో? ఇటు తిరుగు. ఇప్పుడు?

మొదటి వాన పడిన రోజు ఆమె కార్ఖానాకి వెళ్ళింది. నేను వెంట వెళ్ళి బయట మెట్టు మీద కూర్చున్నాను. పెద్దావిడ ఒకసారి బయటికి వచ్చి నన్ను చూసి, లోపలికి రమ్మనకుండా కుర్చీ మాత్రం పంపించింది. సాయంత్రం కార్ఖానా వదిలారు. నలభై మంది ఆడవాళ్ళు ఒక్కసారే బయటికి వస్తుంటే వాళ్ళలో ఆమె అడుగు వెతికాను. గొట్టానికి చప్పుడు మారింది, మొదట పట్టుకోలేకపోయాను. తర్వాత దొరికింది. అలసటుంది. కుంటు లేదు.

“రేపటి నుంచి రమ్మంది” అంది చెల్లెలు. “నువ్వు మాత్రం రావద్దంది. గుమ్మానికి అడ్డమట.”

పళ్ళసారు వానల్లోనే వచ్చాడు. గొడుగు మీద కూడా సబ్బు బొమ్మే. కొత్త కాలు తేలేదు. రెండు పనుల మీద వచ్చానన్నాడు. సభలో ఇచ్చిన కాలు వెనక్కిస్తే గానీ సంస్థవాళ్ళు కొత్తది మొదలుపెట్టరట. రెండోది, వచ్చే వేసవి కాగితానికి మా చెల్లెలు నిలబడి నవ్వుతున్న ఫొటో కావాలట.

“ఈసారి నవ్వొచ్చు సిస్టర్. ఎంతైనా నవ్వొచ్చు.”

చెల్లెలు అప్పుడే పని నుంచి వచ్చి తడిసిన తల తుడుచుకుంటోంది. లోపలికి వెళ్ళి సబ్బుల అట్టపెట్టె ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తెరిచి చూశాడు. ఎడమ గిన్నె, ఎడమ రబ్బరు పాదం.

“నడుమ గొట్టమేది సిస్టర్?”

ఆమె నిలబడ్డ చోటే కాలు కాస్త ఎత్తి చూపించి, మళ్ళీ నేల మీద పెట్టింది.

“అది నాకు సరిపోయింది. ఇవి సరిపోలేదు.”

“మరి ఇవి ఏం చేసుకోమంటారు?”

“మీ కాగితం మీద ఒక మనిషి ఉంది కదా సారూ, ఆమెకివ్వండి. ఎడమ కాలు లేనిది ఆమెకే.”

పళ్ళసారు పెట్టె మూత మూశాడు. మూత మీద ఆమె ఉంది, పెదవి బిగించుకుని, చక్రం తప్పు వైపున్న మిషను ముందు. ఆయన పెదవులు మూసుకుని ఉండగా చూడటం నాకదే మొదలు.